కొత్త ట్రై బైక్: ఎంచుకోవడం నుంచి రేసు రోజు దాకా, వరుస తప్పకుండా

గోవా ఐరన్‌మ్యాన్ 70.3కి, అంటే ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే ట్రయాథ్లాన్ రేసుకి, పేరిచ్చినవాళ్లలో చాలామంది మొదట అడిగేది "ఏ ట్రై బైక్ (ట్రయాథ్లాన్ సైకిల్) కొనమంటారు" అని. మోడల్ పేరు చెప్పేస్తే తేలిపోయే ప్రశ్న కాదిది. ట్రై బైక్ లాభమంతా మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి, ఒంగి తొక్కే భంగిమలోనే ఉంది, దీన్నే ఏరో అంటారు. 90 కిలోమీటర్లలో చాలా భాగం ఆ భంగిమలో ఉండలేక, మాటిమాటికీ నడుం పట్టేసి లేచి బేస్ బార్ (బ్రేకులుండే అడ్డ హ్యాండిల్) పట్టుకుంటుంటే ఎంత ఖరీదైన కార్బన్ ఫ్రేమ్ అయినా దండగే.

అందుకే వరుస ఇది: ముందు మీ ఒళ్లు, తర్వాత ఫ్రేమ్, తర్వాత భాగాలు, ఆఖర్న బిగింపు. షాపులో రంగూ చక్రాలూ చూసి మొదలుపెట్టేవాళ్లు దీనికి తలకిందులుగా వెళ్తారు, ఆ తర్వాత వాళ్ల ఒళ్లు సైకిల్‌కి సర్దుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్లు రోడ్ సైకిల్ తొక్కి, క్లిప్ పెడళ్లు అలవాటైనవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

1. ఇప్పుడే కొనాలా?

మీ రేసు రూల్స్ చూడండి. 70.3లో, దానికి రెట్టింపు దూరముండే ఫుల్ ఐరన్‌మ్యాన్‌లో డ్రాఫ్టింగ్ కుదరదు, అంటే ముందున్నవాళ్ల వెనక గాలి చాటున తొక్కకూడదు, ఏజ్ గ్రూప్ వాళ్లు (ప్రొఫెషనల్స్ కాని మామూలు పోటీదారులు) 12 మీటర్ల ఎడం పాటించాలి. గాలిని ఒక్కళ్లే ఎదుర్కోవాలి కాబట్టి ఏరో భంగిమకి అంత విలువ. డ్రాఫ్టింగ్ ఒప్పుకునే రేసులకైతే రోడ్ సైకిలే కావాలి.

తర్వాత మీ రోడ్లు. ప్యాడ్ల నుంచి ముందుకి పొడుచుకొచ్చే ఏరో బార్ల మీద ఉన్నప్పుడు చేతులకి బ్రేకులు అందవు, కాబట్టి గుంపులో, ట్రాఫిక్‌లో, స్పీడ్ బ్రేకర్ల రోడ్డు మీద ఆ భంగిమ పనికిరాదు. మీకు ఒకటే సైకిల్ ఉండాలంటే అది రోడ్ సైకిల్ అయితేనే మంచిది, దానికి క్లిప్-ఆన్ ఏరో బార్లు తగిలించి మొదటి 70.3 హాయిగా పూర్తి చేయొచ్చు. ఇలా చెప్తే కొంతమంది నిరాశపడతారు గానీ, లక్షలు పెట్టే ముందు కొన్ని వేలతో ఈ భంగిమ మీ ఒంటికి పడుతుందో లేదో తెలిసిపోతుంది.

వీటికి అవునంటేనే ముందుకెళ్లండి:
- రోడ్ సైకిల్ ఇప్పటికే ఉంది, అది అలాగే ఉంటుంది
- ఏడాదిలో కనీసం ఒక 70.3 గానీ ఇంకా పెద్దది గానీ చేస్తాను
- ఏరోలో తొక్కడానికి ఖాళీ రోడ్డో, ఇంట్లో ట్రైనరో (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండ్) ఉంది
- సైకిల్ ధర కాకుండా ఫిట్టింగ్‌కీ (ఒంటికి తగ్గట్టు సైకిల్ సర్దించడం) సీటుకీ విడిగా డబ్బు ఉంచుకున్నాను

2. ఫ్రేమ్ చూడకముందే కొలతలు

కాళ్ల లోపలి కొలతతో మొదలుపెట్టండి. చెప్పుల్లేకుండా గోడకి ఆని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే సీటు ఎత్తుకి ఒక మొదటి అంచనా వస్తుంది. 80 సెం.మీ. అయితే 70.6. క్రాంక్ (పెడల్ తగిలించే చెయ్యి) ఇరుసు మధ్య నుంచి సీటు పై అంచు దాకా అన్నమాట. ఇది మొదలు మాత్రమే, చివరి మాట కాదు.

అసలు కావాల్సిన రెండు అంకెలు వేరే ఉన్నాయి. క్రాంక్ ఇరుసు మధ్య నుంచి మోచేతి ప్యాడ్లు ఎంత ఎత్తులో ఉండాలి, ఎంత ముందుకి ఉండాలి. ఫిట్టర్లు వీటిని ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్ అంటారు. వీలైతే సైకిల్ కొనకముందే ఫిట్టర్ దగ్గరికెళ్లి, సర్దుబాటు చేసే ఫిట్ బైక్ మీద ఈ అంకెలు రాయించుకోండి. కొన్నాక వెళ్తే ఆయన చేయగలిగేది ఉన్న ఫ్రేమ్‌లో సర్దడమే.

ఫిట్టర్ దొరకని ఊళ్లో ఉంటే రోడ్ సైకిల్‌ని ట్రైనర్ మీద పెట్టి, క్లిప్-ఆన్ బార్లు బిగించి, సీటు వీలైనంత ముందుకి జరిపి, నలభై నిమిషాలు ఆగకుండా తొక్కగలిగే భంగిమ దొరికేదాకా మారుస్తూ పోండి. పక్క నుంచి ఫోన్‌తో వీడియో తీయించి, ప్యాడ్ మధ్యలోంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి, రెండు కొలతలూ రాసుకోండి.

3. ఫ్రేమ్ సైజు: ఎస్, ఎం, ఎల్ నమ్మొద్దు

ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎస్‌తో సమానంగా ఉండొచ్చు. మీ ఎత్తుని బట్టి సైజు చెప్పే పట్టిక రోడ్ సైకిల్‌కే అరకొరగా పనిచేస్తుంది, ట్రై బైక్‌కి ఇంకా తక్కువ. చూడాల్సింది ఫ్రేమ్ జామెట్రీలో స్టాక్, రీచ్. క్రాంక్ ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఫ్రేమ్ ముందు గొట్టం) పై అంచు మధ్య వరకు నిలువు దూరం స్టాక్, అడ్డు దూరం రీచ్.

లెక్క ఇలా వేయండి. మీకు ప్యాడ్లు 630 మి.మీ. ఎత్తులో కావాలి, ఫ్రేమ్ స్టాక్ 510 అనుకుందాం. మిగిలిన 120ని స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క), బేస్ బార్, ప్యాడ్ల కింది స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) కలిసి ఇవ్వాలి. ఈ మోడల్, ఈ సైజులో ప్యాడ్ ఎత్తు ఎంత నుంచి ఎంత దాకా వస్తుందో షాపు వాళ్లని రాసి ఇమ్మని అడగండి. చాలా కంపెనీలు ఆ పట్టిక ఇస్తాయి. మీ అంకె ఆ హద్దుల మధ్యలో పడాలి గానీ అంచు మీద కాదు, ఎందుకంటే మొదటి ఆర్నెల్లలో మీ భంగిమ తప్పకుండా మారుతుంది.

రెండు సైజుల మధ్య పడితే ఎత్తు స్పేసర్లతో పెంచుకోవచ్చు, పొడవు తగ్గించడం కష్టం. అందుకని కాళ్లు పొడుగు, మొండెం పొట్టి అయినవాళ్లు చిన్న సైజు వైపు మొగ్గండి. వెన్ను అంత వంగనివాళ్లకి స్టాక్ ఎక్కువున్న ఫ్రేమే హాయి. ఎత్తు తక్కువున్న ఆడవాళ్లకి కొన్ని మోడళ్లలో అతి చిన్న సైజు కూడా పొడుగే అవుతుంది. "స్టెమ్ మార్చి సర్దేస్తాం" అన్నా సరే, అంకెలు కుదరకపోతే వదిలేయండి.

సీటు ట్యూబ్ కోణం కూడా అడగండి. రోడ్ సైకిల్లో 72 నుంచి 74 డిగ్రీలు ఉండేది ట్రై బైక్‌లో 76 నుంచి 80 దాకా వెళ్తుంది. సీటు ముందుకి జరిగితే తుంటి దగ్గర కోణం తెరుచుకుంటుంది, ఒంగినా మోకాలు పొట్టకి తగలదు.

4. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆగాలి

ట్రెక్ స్పీడ్ కాన్సెప్ట్, సెర్వేలో పీ సిరీస్, స్కాట్ ప్లాస్మా, జయంట్ ట్రినిటీ, వీటిలో ఏదైనా సైజు కుదిరితే మంచి సైకిలే. వాటి మధ్య తేడా కంటే కింద చెప్పేవి మీ రేసుని ఎక్కువ మారుస్తాయి.

సీటు. సైకిల్‌తో వచ్చింది మీకు పడకపోవచ్చని ముందే అనుకోండి. ఏరోలో బరువు సీటు ముందు భాగం మీద పడుతుంది, అందుకే ముందు రెండుగా చీలి ఉండే ఐఎస్ఎం కంపెనీ తరహా సీట్లు వచ్చాయి. కొనే ముందు కొన్ని రోజులు వాడి చూడనిచ్చే షాపు దొరికితే వదలొద్దు.

క్రాంక్ పొడవు. చిన్న సైజు ఫ్రేముల్లో కూడా కొన్నిసార్లు 170 మి.మీ. వేసి అమ్ముతారు. సగటు ఎత్తువాళ్లకి 165, అంతకంటే తక్కువైతే 160 వేయించమని కొనేటప్పుడే అడగండి. తర్వాత మార్చడం అదనపు ఖర్చు. క్రాంక్ ఎంత తగ్గితే సీటు అంత పెంచాలని గుర్తుంచుకోండి.

గేర్లు. ముందు 50/34 పళ్లు గానీ 52/36 గానీ, వెనక 11-30 గానీ 11-34 గానీ. పెద్ద చైన్‌రింగ్ గొప్ప కాదు. సైకిల్ దిగాక 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలి, ఎత్తు ఎక్కేటప్పుడు తొడలు కాల్చుకుంటే ఆ పరుగులో తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్ గేర్లు. నాకు చక్రాల కంటే ఇవే ముందు. ఏరో బార్ల చివరా, బేస్ బార్ మీదా రెండు చోట్లా బటన్లు ఉంటాయి, గేరు మార్చడానికి లేవక్కర్లేదు.

చక్రాలు. రెండో ఏడాదికి వదిలేయండి. కొంటే ముందు చక్రం లోతు 50-60 మి.మీ. దాటనివ్వకండి. విశాఖ–భీమిలి రోడ్డు మీద సముద్రం వైపు నుంచి వచ్చే అడ్డగాలికి లోతైన ముందు చక్రం హ్యాండిల్‌ని గుంజేస్తుంది, అప్పుడు ఏరోలో ఉండే ధైర్యం ఎవరికీ మిగలదు.

విప్పడానికి వీలు. కేబుళ్లు, బ్రేక్ గొట్టాలు అన్నీ లోపల దాచిన హ్యాండిల్ అందంగా ఉంటుంది గానీ, ప్యాడ్ ఎత్తు మార్చాలన్నా, విమానంలో పెట్టాలన్నా గొట్టాలు ఊడదీయాల్సి వస్తే ప్రతిసారీ మెకానిక్ దగ్గరికి పరుగే. "బార్ తీయడానికి బ్రేక్ లైన్ విప్పాలా?" అని అడిగి, షాపులోనే విప్పి చూపించమనండి.

సెకండ్ హ్యాండ్ అయితే సీట్‌పోస్ట్ బయటికి లాగి చూడండి, రాకపోతే అది లోపల పట్టేసినట్టే. ఆ తర్వాత బేస్ బార్ టేపు విప్పించండి, అమ్మేవాళ్లు మొహం మాడ్చుకున్నా సరే. ట్రైనర్ మీద నెలల తరబడి కారిన చెమట టేపు కిందికి దిగి అల్యూమినియం బార్‌ని తినేస్తుంది: తెల్లటి పొడి, చిన్న చిన్న గుంటలు, బోల్టు తలల చుట్టూ పొక్కులు కనిపిస్తాయి. అలాంటి బార్ నడిరోడ్డు మీద విరగొచ్చు. కొత్తది వేయించే ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి, లేదా వదిలేయండి. కార్బన్ ఫ్రేమ్ మీద గీత కనిపిస్తే నాణెంతో మెల్లగా తట్టి వినండి. చుట్టుపక్కల ఖణేల్ మని, అక్కడ మాత్రం మొద్దుగా మోగితే కొనొద్దు.

5. డబ్బా విప్పాక: బిగించే వరుస

కావాల్సినవి: అలెన్ కీలు, టార్క్ రెంచ్, కార్బన్ పేస్ట్, గ్రీజు, టేపు కొలత, చిన్న రసమట్టం. టార్క్ రెంచ్ లేకుండా కార్బన్ జోలికి పోవద్దు. బోల్టు పక్కనే న్యూటన్ మీటర్లలో అంకె ముద్రించి ఉంటుంది, స్టెమ్ దగ్గర సాధారణంగా 5 చుట్టూ ఉంటుంది, కానీ మీ సైకిల్ మీద ఏముంటే అదే లెక్క.

1) తొందరపడి ఏదీ కోయించకండి. స్టీరర్ ట్యూబ్ (ముందు ఫోర్క్ పై గొట్టం), ఏరో బార్ల చివర్లు, సీట్‌పోస్ట్, ఏవైనా సరే, భంగిమ కుదిరి రెండు నెలలు గడిచాకే.
2) సీట్‌పోస్ట్‌కి కార్బన్ పేస్ట్ పూయండి, గ్రీజు కాదు. గ్రీజు పూస్తే రోజూ జారుతుంది.
3) చక్రాలు పెట్టి, థ్రూ యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూరే ఇరుసు) బిగించండి. బ్రేక్ డిస్క్‌ని వేళ్లతో ముట్టుకోకండి, వేళ్ల జిడ్డుకే బ్రేకులు కీచుమంటాయి.
4) హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు): స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై టోపీ బోల్టు వదులు పోయేంత మాత్రం బిగించి, హ్యాండిల్ చక్రానికి సూటిగా చూసి, అప్పుడు పక్క బోల్టులు. ముందు బ్రేక్ పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే టకటకమనకూడదు.
5) బేస్ బార్ రసమట్టంతో సమంగా పెట్టి, ఆ తర్వాత ప్యాడ్లు, ఏరో బార్లు.
6) పెడళ్ల మరలకి గ్రీజు రాసి బిగించండి. ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది.
7) కుడి లీవర్ నొక్కితే ముందు బ్రేకో వెనక బ్రేకో చూడండి. మీ పాత సైకిల్‌కి వేరుగా ఉంటే షాపులోనే మార్పించండి, కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

6. భంగిమ: సీటు ముందు, చేతులు తర్వాత

సీటు కదిలితే ముందున్నవన్నీ కదులుతాయి కాబట్టి ఈ వరుస తిరగేయకండి. ఒకసారి ఒక్కటే మార్చండి, 5 మి.మీ. మించకుండా, రాసుకుంటూ.

సీటు ఎత్తు. ముందు వేసుకున్న లెక్క ప్రకారం పెట్టి, మడమ పెడల్ మీద ఉంచి తొక్కితే కాలు కింద దాదాపు నిటారుగా రావాలి. క్లిప్ పెట్టుకుని తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, తుంటి అటూ ఇటూ ఊగకూడదు.

సీటు ముందూ వెనకా. ఏరోలోకి ఒంగినప్పుడు వెనక్కి జారకుండా, ముందు అంచు మీదికి పాక్కోకుండా కూర్చోగలగాలి. ముందుకి జరిపితే సీటు ఇరుసుకి దగ్గరవుతుంది, అందుకే సెంటీమీటరుకి సుమారు 3 మి.మీ. పైకి లేపండి. ముందు వంపు ఒకటి రెండు డిగ్రీలు చాలు.

ప్యాడ్లు. మోచేయి ఎముక ప్యాడ్ మీద కాదు, దాని కొంచెం ముందు ముంజేయి ఆనాలి. పక్క నుంచి చూస్తే పై చేయికీ మొండేనికీ మధ్య కోణం 90 డిగ్రీలు, కొంచెం ఎక్కువైనా పర్లేదు. భుజాల బరువు కండరాల మీద కాకుండా ఎముకల మీద పడాలి, చేతివేళ్లు వదులుగా ఉండాలి.

ప్యాడ్ల ఎత్తు. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఫోటోల్లో పోటీదారుల్లా కిందికి దించేసి, తర్వాత మెడ నొప్పి అంటారు. ఎత్తుగా మొదలుపెట్టండి. గంటసేపు కష్టం లేకుండా ఉండగలిగితే ఒక స్పేసర్ తీయండి, మళ్లీ రెండు వారాలు. కిందికి దిగాక వాట్లు (తొక్కే శక్తి) తగ్గినా, మోకాలు పైకొచ్చినప్పుడు పక్కకి తన్నుకున్నా, ఆ స్పేసర్ తిరిగి పెట్టేయండి.

ఏరో బార్ల వంపు 10 నుంచి 15 డిగ్రీలు పైకి. చేతులు జారిపోకుండా పట్టు దొరుకుతుంది.

అన్నీ కుదిరాక సీట్‌పోస్ట్ మీదా ఏరో బార్ల మీదా టేపుతో గుర్తులు పెట్టి, కొలతలన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

7. నీళ్లు, తిండి, టైర్లు

నీళ్ల సీసా చేతుల మధ్య, స్ట్రా నోటికి అందేలా ఉండాలి, తాగడానికి లేవాల్సి వస్తే మన ఎండల్లో తాగడమే తగ్గిస్తాం. రెండోది సీటు వెనక. గతుకు మీద సీసా ఎగిరి పడిపోకుండా దాన్ని పట్టుకునే కేజ్ బిగువుగా ఉండాలి, రేసుకి ముందు నీళ్లు నింపి గతుకుల రోడ్డు మీద పరీక్షించండి. పై ట్యూబ్ మీద డబ్బాలో జెల్‌లు.

టైర్లు 28 మి.మీ. ట్యూబ్‌లెస్ అయితే 70 కిలోలవాళ్లకి 65-70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. హుక్‌లెస్ రిమ్ (టైరుని పట్టే కొక్కెం అంచు లేనిది) అయితే 72.5 దాటకూడదు. లోతైన రిమ్ ఉంటే స్పేర్ ట్యూబ్ వాల్వ్ పొడవు చూసి కొనండి. 60 మి.మీ. రిమ్‌కి 80 మి.మీ. వాల్వ్ కావాలి, పొట్టిది జేబులో ఉన్నా లేనట్టే.

8. మొదటి నెల

హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, తెల్లవారకముందే ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి, పిల్లలూ నడిచేవాళ్లూ కనిపిస్తే ఏరోలోంచి లేవండి. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి మాత్రం వద్దు, అక్కడ ద్విచక్ర వాహనాలకే అనుమతి లేదు.

- మొదటి రోజు కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకునేలా బ్రేకులు వేయండి: ఒక మోస్తరు వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం లాక్ కాకుండా, పది పదిహేనుసార్లు
- ఏరోలో ఐదు నిమిషాలు, పైన ఐదు నిమిషాలు, ప్రతి వారం ఏరో భాగం పెంచుతూ
- ఒక చెయ్యి తీసి సీసా అందుకోవడం, తల తిప్పి వెనక చూడడం
- మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో
- ట్రైనర్ మీద తొక్కిన ప్రతిసారీ హ్యాండిల్ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి

9. ఇబ్బంది వస్తే

మెడ నొప్పి: ప్యాడ్లు 10 మి.మీ. పైకి. తగ్గకపోతే దగ్గరికి జరపండి.

ముందుకి జారిపోతున్నారు: సీటు వంపు ఎక్కువైంది, లేదా ప్యాడ్లు దూరం.

మోకాలి ముందు నొప్పి: సీటు తక్కువ ఎత్తులో ఉండొచ్చు. వెనక నొప్పి అయితే ఎక్కువ ఎత్తు. బరువు గేరు తొక్కుతున్నారేమో కూడా చూసుకోండి.

కింది భాగంలో తిమ్మిరి: భరించకండి, అలవాటవుతుందన్న మాట వినకండి. ముందు వంపు సర్ది, ఎత్తు తగ్గించి చూసి, పోకపోతే సీటు మార్చాలి.

కిర్రు కిర్రు చప్పుడు: సీట్‌పోస్ట్ తీసి తుడిచి కొత్త పేస్ట్, ఆ తర్వాత పెడళ్లు, ఆ తర్వాతే క్రాంక్ దగ్గర వెతకండి.

10. రేసు వారం

ప్యాక్ చేసే ముందు సీటు ఎత్తు, ప్యాడ్ల ఎత్తు మళ్లీ కొలిచి రాసుకోండి. వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి గుడ్డ చుట్టి ఫ్రేమ్ లోపలి వైపు కట్టండి, డిస్క్ బ్రేకుల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి, లేకపోతే దారిలో లీవర్ నొక్కుకుని బ్రేక్ ప్యాడ్లు అతుక్కుపోతాయి. వైర్‌లెస్ గేర్ల బ్యాటరీలు తీసి చేతి సంచిలో పెట్టుకోండి. టైర్లకి గాలి కొట్టే చిన్న గ్యాస్ సిలిండర్లు విమానంలో ఒప్పుకోకపోవచ్చు, ఎయిర్‌లైన్‌ని ముందే అడగండి, ఎలాగైనా చిన్న పంపు దగ్గరుండాలి.

చేరిన రోజే బిగించి, అరగంట తొక్కి, అన్ని గేర్లూ మార్చి చూడండి. రేసు నిర్వాహకులకి సైకిల్ అప్పగించే ముందు:
- బార్ల చివర్లన్నీ మూసి ఉన్నాయా
- గేర్ బ్యాటరీ నిండా ఉందా
- తేలికైన గేరులో వదిలారా
- ఎండలో నిలబెట్టేటట్టయితే టైర్లలో గాలి కొంచెం తగ్గించారా, పొద్దున్నే పంపు దొరుకుతుందా
- హెల్మెట్ ఏరో బార్ల మీద, బకిల్ తెరిచి, తలకి పెట్టుకునే వైపు తిప్పి ఉందా (బకిల్ పెట్టుకోకుండా సైకిల్ ముట్టుకుంటే పెనాల్టీ)